“సార్‌ని పంపండి మేడమ్” అంటున్న మెకానిక్, వేడెక్కుతున్న జిప్సీ

నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు కుదించి ఇస్తున్నాను.

ఆమె వయసు 37. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భర్త బ్యాంకులో పనిచేస్తారు, ఇద్దరు పిల్లలు. చిన్నతనమంతా ఆదిలాబాద్‌లో గడిచింది. అక్కడి ఫారెస్టు వాళ్ల జిప్సీల మీద అప్పటి నుంచే మనసు. మూడేళ్ల కిందట సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ ఆర్మీ అధికారి కుటుంబం అమ్మకానికి పెట్టిన 2002 మోడల్ మారుతీ జిప్సీ కింగ్‌ని తన జీతం డబ్బుతో కొనుక్కున్నారు. వారంలో రెండు రోజులు ఆఫీసుకు అందులోనే వెళ్తారు. వీలు చిక్కిన ఆదివారాల్లో ఒక జట్టుతో కలిసి అనంతగిరి కొండల వైపు ప్రయాణం.

పోయిన ఎండాకాలం నుంచి బండి ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది. ఒకరోజు కూకట్‌పల్లిలో ముల్లు ఎర్ర గీత దాటేసరికి బానెట్ ఎత్తి రోడ్డు పక్కన నిలబడాల్సి వచ్చింది. మూసాపేటలో ఆమె ఎప్పుడూ వెళ్లే షెడ్డు మెకానిక్ ముందు రేడియేటర్ మూత మార్చాడు, తర్వాత వాటర్ పంపు మార్చాడు. చివరికి “థర్మోస్టాట్ పీకేశాను మేడమ్, ఇక ఢోకా లేదు” అన్నాడు. వేడి కాస్త తగ్గింది కానీ పోలేదు. లీటరుకు 11 ఇచ్చే బండి 8కి దిగింది. ఇది చాలదన్నట్టు 60 దాటితే స్టీరింగ్ గజగజ వణుకుతోంది.

“ఏమైందని అడిగితే ‘సార్‌ని పంపండి మేడమ్, ఆయనకు చెప్తా’ అంటాడు. మా ఆయనకు స్టెప్నీ ఎక్కడుంటుందో కూడా తెలీదు. పక్కన నిలబడి చూస్తానంటే ‘నా మీద నమ్మకం లేదా’ అని ముఖం మాడ్చుకుంటాడు. పోయినసారి ‘దీనికి డీజిల్ ఇంజిన్ వేయించేయండి, గొడవ పోతుంది’ అన్నాడు. ఇంట్లో మా ఆయనది ఒకటే మాట. ఈ డొక్కు బండికి పోసిన డబ్బుతో కొత్త బండికి డౌన్ పేమెంట్ అయ్యేదట, అమ్మేయమంటారు. నాకేమో నేనే నేర్చుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో పానాల సెట్టు కొన్నాను, మంచం కింద అలాగే ఉంది. ఒకసారి ఎయిర్ ఫిల్టర్ విప్పి పెడుతుంటే క్లిప్పు విరిగింది. ఆ తర్వాత చెయ్యి పెట్టాలంటే భయం. పైగా సెల్లార్‌లో రిపేర్లు చేయకూడదని అసోసియేషన్ వాళ్లు గ్రూపులో మెసేజ్ పెట్టారు. మెకానికల్ చదవలేదు, వయసు 37. నేర్చుకోగలనా? లేక ఇది నా పిచ్చా?”

అమ్మా, నేర్చుకోగలరు. పిచ్చి ఎంతమాత్రం కాదు. ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోయిందో వెతికి పట్టుకునే పని రోజూ చేసేవారికి బండి జబ్బు వెతకడం కొత్త విద్యేమీ కాదు. చేతికి అలవాటు కావాలి, అంతే. అది మీకంటే పెద్ద వయసులో మొదలుపెట్టినవాళ్లకూ వచ్చింది. అయితే ఏ వరసలో నేర్చుకోవాలన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. విప్పడం నేర్చుకునే ముందు చూడటం నేర్చుకోండి. మీ ఉత్తరంలో ఉన్న వేడి జబ్బుకు ఇప్పటిదాకా జరిగినదంతా విప్పడమే. మూత మారింది, పంపు మారింది, థర్మోస్టాట్ పోయింది. వేడి ఎప్పుడు ఎక్కుతోందో, ఎప్పుడు ఎక్కట్లేదో కూర్చుని చూసినవాళ్లు మాత్రం లేరు. ఆ పని మీరు చేయాలి. దానికి ఒక్క పానా కూడా అక్కర్లేదు.

మొదట ఒక చిన్న నిర్ణయం తీసుకోండి. రెండు, మూడు నెలల పాటు ఆఫీసుకు జిప్సీని నమ్ముకోకండి. జేఎన్‌టీయూ స్టేషన్ నుంచి మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో మారి రాయదుర్గం చేరొచ్చు. చుట్టు దారే, నాకూ తెలుసు. కానీ సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీటింగ్ ఉన్న మనిషి ఆదివారం రాత్రి విప్పిన బండి దగ్గర నేర్చుకునేది ఏమీ ఉండదు. కంగారులో బిగించిన నట్టుకు మర పోతుంది, ఆ మర సంగతి ఇంకో షెడ్డులో తేలుతుంది. పైగా ముల్లు ఎర్ర గీతకు చేరిన బండిని ‘ఇంకో కిలోమీటరే కదా’ అని నడపడం ఈ ఇంజిన్ విషయంలో చాలా ఖరీదైన పని. దాని హెడ్, అంటే సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం, అల్యూమినియంది. వేడికి వంగిందంటే లేత్ దగ్గర ఫేసింగ్ చేయించి చదును చేయించాలి, దాని కింద ఉండే గ్యాస్కెట్ మార్చాలి, ఒక్కోసారి హెడ్డే మార్చాలి.

ఇక వేడి సంగతి. ట్రాఫిక్‌లో ఎక్కుతోందని రాశారు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎలా ఉంటుందో రాయలేదు. అసలు ఆధారం అక్కడే ఉంది. నిలబడి ఉన్నప్పుడు ఎక్కి, 60లో పోతుంటే దిగిపోతే గాలి చాలడం లేదని అర్థం. వేగంగా పోతున్నప్పుడు, ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు ఎక్కితే నీరు సరిగా తిరగడం లేదని, లేదా రేడియేటర్ లోపల పూడుకుపోయిందని అనుమానించాలి. ఒక చిన్న పుస్తకం బండిలోనే పెట్టుకోండి. తేదీ, ఓడోమీటర్ అంకె, చోటు, ఎండ, ముల్లు ఎక్కడుంది, ఎంతసేపటికి దిగింది. ‘మధ్యాహ్నం రెండు, ఫోరం మాల్ సిగ్నల్, నిలబడి ఎనిమిది నిమిషాలు, ముల్లు ముప్పావు. ఫ్లైఓవర్ ఎక్కాక సగానికి దిగింది.’ ఇలాంటివి ఒక పది ఉంటే ఏ మెకానిక్ అయినా మీతోనే మాట్లాడాలి. సార్ దగ్గర ఆ పుస్తకం ఉండదు.

గాలి వైపు మీరు స్వయంగా చూడగలిగినవి రెండున్నాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసి జేబులో వేసుకుని, ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. జిప్సీలో ఫ్యాన్‌ని ఇంజినే తిప్పుతుంది, మధ్యలో ఒక కప్లింగ్ ఉంటుంది. అది బాగుంటే ఫ్యాన్ కాస్త బరువుగా తిరిగి ఆగుతుంది. తోయగానే జోరుగా గిరగిరా తిరుగుతుంటే కప్లింగ్ పోయినట్టే. రెండోది, టార్చి పట్టుకుని రేడియేటర్ రెక్కల మధ్య చూడండి. అనంతగిరి ఎర్రమట్టి, దాంతో పాటు పురుగులు, ఎండుగడ్డి అక్కడ గట్టిపడి ఉంటే ఎన్ని పంపులు మార్చినా లాభం లేదు. ఇంజిన్ వైపు నుంచి బయటికి, మెల్లటి ధారతో కడగాలి. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ పైపు పెడితే రెక్కలు వంగిపోతాయి, జాగ్రత్త.

నీటి వైపు చూద్దాం. రేడియేటర్‌లో ఏం పోస్తున్నారు? చాలా షెడ్లలో పోసేది బోరు నీళ్లే. నిజాంపేట, మియాపూర్ బోర్లు ఎంత గట్టి నీళ్లో మీ గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్ల పెచ్చు చూస్తే తెలుస్తుంది. అదే పెచ్చు రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. పైగా అల్యూమినియానికి తుప్పు మందు లేని ఉత్త నీళ్లు పడవు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి, డబ్బా మీద రాసిన పాళ్లలోనే పోయాలి. ఒక మాట గట్టిగా చెప్తున్నాను. మామూలు కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది. పిల్లలు, కుక్కలు, పిల్లులు తిరిగే సెల్లార్‌లో గిన్నెలో పట్టి అలా వదిలేయకండి, డ్రైనేజీలో పారబోయకండి.

హెడ్ గ్యాస్కెట్ సంగతి కూడా తేల్చుకోండి. పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద మాత్రమే రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి లోపలికి చూడండి. మొదట్లో నాలుగైదు బుడగలు వచ్చి ఆగిపోతే లోపల ఇరుక్కున్న గాలి. ఆగకుండా వరసగా వస్తూనే ఉంటే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి వస్తోందని అనుమానం. ఇంజిన్ వేడెక్కకముందే ఆపేసి మూత బిగించండి. ఆయిల్ మూత తీసి కింది వైపు చూడండి, అక్కడ మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే అదీ రాసుకోండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత జోలికి ఏ పరిస్థితిలోనూ వెళ్లొద్దు. మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు అది. దాన్ని పీకేయడం మన షెడ్లలో పాత అలవాటు. కార్బురేటర్ రోజుల్లో కొంతవరకు నడిచిపోయింది. మీది 2000 తర్వాతి ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్, అంటే పెట్రోల్‌ను కంప్యూటర్ కొలిచి చిమ్మించేది. నీటి వేడి ఎంతుందో సెన్సర్ చెప్తుంది, దాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోల్ కొలత నిర్ణయిస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మీ మైలేజీ పడిపోవడానికి మొదట అనుమానించాల్సింది ఇదే. కొత్తది కొన్నాక బిగించే ముందు వంటింట్లో ఒక పరీక్ష చేయండి. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీసి స్టవ్ వెలిగించండి. నీళ్లు మరగడానికి ముందే, 80 డిగ్రీలు దాటాక మధ్యలోని పళ్లెం మెల్లగా లేచి దారి తెరుస్తుంది. స్టవ్ ఆపితే మళ్లీ మూసుకుంటుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. బండిలో మనకు కనపడకుండా జరిగే పని ఒకటి కళ్లెదుట జరుగుతుంటే మీ భయం సగం పోతుంది.

స్టీరింగ్ వణుకు ఇంతకంటే తొందరగా చూడాల్సిన విషయం. 60 దాటకండి, ఔటర్ ఎక్కకండి. ముందు టైర్లలో గాలి, వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి. ఖర్చు తక్కువ కాబట్టి అదే మొదలు. దానికి తగ్గకపోతే ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. కదులుతోందా? ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే వీల్ బేరింగ్. తొక్కినా అలాగే ఉంటే కింగ్ పిన్ బేరింగులు, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకు తిరిగే చోట ఉండేవి. టైరును రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్ల మీద, అంటే స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్ల మీద, అనుమానం పెట్టుకోవాలి. ముందు కూడా నిండు యాక్సిల్, కమాన్ కట్టలు ఉన్న ఇలాంటి బండ్లలో ఇది తరచూ వచ్చే జబ్బే. స్టీరింగ్ డ్యాంపర్, అంటే వణుకును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది, మార్చేసి వణుకు తగ్గిందని చెప్పేవాళ్లుంటారు. అది అరుగుదలను కప్పిపెడుతుంది, తీసేయదు. ఈ రిపేరు మాత్రం మొదటిసారి మీరు చేయకండి. కింగ్ పిన్ బేరింగుకు ఎంత బిగువు ఉండాలో చేతికి తెలియాలి. పక్కన నిలబడి చూడండి.

పక్కన నిలబడటం దగ్గరే మీ మెకానిక్ అడ్డం తిరుగుతున్నాడు. ఆయన ముఖం మాడ్చుకోవడాన్ని నేను కొంత అర్థం చేసుకోగలను. మన షెడ్లలో చాలామంది చిన్న వయసులోనే ఒక ఉస్తాద్ దగ్గర చేరి, తిట్లు తింటూ నేర్చుకున్నవాళ్లు. చేతిలో విద్య తప్ప ఇంకో పెట్టుబడి లేదు. కస్టమర్ పక్కన నిలబడి చూస్తే తప్పు పట్టడానికే అనుకుంటారు, అలా పట్టేవాళ్లూ ఉంటారు మరి. కానీ ‘సార్‌ని పంపండి’ అనడం వేరు. బండి మీది, ఆర్సీ మీ పేరున, నడిపేది మీరు, డబ్బిచ్చేది మీరు. అది తప్పు. ఆ మాటను నవ్వి వదిలేయమని నేను చెప్పను.

ఒకసారి మాత్రం ఎదురుగా కూర్చుని మాట్లాడి చూడండి. శనివారం సాయంత్రం షెడ్డు నిండా బండ్లుంటాయి, అప్పుడు వద్దు. మామూలు రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి వెళ్లండి. “భాయ్, మీ పని మానిపించడానికి రాలేదు. పెద్ద పనులన్నీ మీ దగ్గరే. చిన్నవి నేను చేసుకోవాలనుకుంటున్నాను, మీ దగ్గర నేర్చుకుంటాను. నా వల్ల పని ఆలస్యమైతే ఆ టైముకు వేరే ఇస్తాను. బండి సంగతి మాత్రం నాతోనే మాట్లాడండి.” పుస్తకం తీసి ముందు పెట్టండి. తీసేసిన పాత సామాను ప్రతిసారీ ఇవ్వమని అడగండి, వాటర్ పంపుతో సహా. ‘ఏం చూసి పంపు పోయిందనుకున్నారు?’ అని నిలదీసినట్టు కాకుండా తెలుసుకోవడానికి అడగండి. పని మీద ప్రేమున్న మెకానిక్ అయితే ఈ ప్రశ్నకు ముఖం వెలిగి అరగంట చెప్తాడు. అప్పటికీ సార్‌నే పంపమంటే షెడ్డు మార్చండి. హైదరాబాద్‌లో జిప్సీ చేసేవాళ్లకు కరువు లేదు. ఆదివారం మీతో అనంతగిరి వచ్చే జట్టులోనే అడగండి, రెండు మూడు పేర్లు దొరుకుతాయి. కాకపోతే కొత్త మనిషికి మీ బండి అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది, మొదటి బిల్లులు కాస్త ఎక్కువే వస్తాయి.

డీజిల్ ఇంజిన్ సలహా వినకండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో రాసి ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్, ఇంధనం లాంటివి మార్చాలంటే ఆర్టీయే అనుమతి ఉండాల్సిందే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదని చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు వస్తుంది. పైగా మీది 2002 రిజిస్ట్రేషన్ అయితే పదిహేనేళ్లు 2017తో అయిపోయి, అక్కడి నుంచి అయిదేళ్లకోసారి రెన్యువల్ నడుస్తూ ఉండాలి. అంటే తర్వాతిది 2027లో. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ ముందు బండి ఆర్సీలో ఉన్నట్టే ఉండాలి. ఆర్సీ తీసి తేదీ ఈరోజే చూసుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీవారు చెప్పినట్టు అమ్మేయొచ్చు. ఆయన మాటలో కోపం ఉన్నా లెక్క ఉంది, కొట్టిపారేయకండి. మీకు కావలసింది ఆదివారం కొండ దారి మాత్రమే అయితే కొత్త బండి ఆ కోరిక తీరుస్తుంది, రోడ్డు పక్కన నిలబెట్టదు. వేడి, వణుకు ఉండగా అమ్మితే ధర బాగా తెగుతుంది, కాబట్టి అమ్మాలనుకున్నా ఈ రెండూ బాగు చేయించాకే. మళ్లీ జిప్సీ కావాలంటే 2019లో అమ్మకాలు ఆగిపోయిన బండి, ఇంకొకరి పాత బండే కొనుక్కోవాలి. రెండో దారి, బండి ఉంచుకుని పనంతా నమ్మకమైన షెడ్డుకే ఇవ్వడం. తప్పేమీ లేదు. అప్పుడు కూడా ఆ పుస్తకం రాయడం, బేరింగ్ ఊపి చూడటం మీకు రావాలి. లేకపోతే మళ్లీ మూత, పంపు, థర్మోస్టాట్ కథే.

మూడోది, నాకు మీ ఉత్తరం చదివాక మీకు సరిపోతుందనిపించినది. బండిని నడిచేలా ఉంచే పనులు మీవి, తెరిచి బాగుచేసే పనులు షెడ్డువి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, కూలెంట్, ఫ్యాన్ బెల్టు, హోస్ పైపులు, బ్యాటరీ టెర్మినళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టులకు గ్రీజు. ఇవి వస్తే రోడ్డు మీద ఆగిపోయే సందర్భాలు చాలావరకు ముందే తెలుస్తాయి. టైమింగ్ బెల్టు, బ్రేకు లైన్లు, గేర్‌బాక్సు, హెడ్ మాత్రం షెడ్డుకే. మొదటి ఏడాది దీనివల్ల డబ్బు మిగులుతుందని మీవారికి చెప్పకండి, మిగలదు. జాకీ స్టాండ్లు, టార్క్ రెంచి, గ్రీజు గన్ కొనాలి. మిగిలేది వేరే ఉంది. అనవసరంగా మారే సామాను ఆగుతుంది, ఇంకోసారి ఇలా నడిరోడ్డు మీద నిలబడరు. ఆయనకు ఆ పుస్తకంలోనే ఖర్చు లెక్క కూడా రాసి చూపించండి. ఏడాదికి ఇంత దాటితే అమ్మేద్దామని ఇద్దరూ కలిసి ఒక అంకె అనుకోండి. అప్పుడు ప్రతి బిల్లు దగ్గరా గొడవ ఉండదు. ఇంజిన్ దింపి గేర్‌బాక్సు విప్పేదాకా వెళ్లడం నాలుగో దారి. దానికి షెడ్డంత చోటు, విప్పి నెలల తరబడి వదిలేసే వీలు కావాలి. అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పిల్లలతో ఇప్పుడు వద్దు.

ఆ క్లిప్పు గురించి. అది మీ చేతకానితనం కాదు, పాతికేళ్ల వేడికి గట్టిపడిన క్లిప్పు ఎవరి చేతిలోనైనా విరుగుతుంది. కానీ కొత్తది పెట్టండి. ఫిల్టర్ డబ్బా ఒక పక్క వదులుగా ఉంటే అనంతగిరి దుమ్ము వడకట్టకుండా నేరుగా ఇంజిన్‌లోకి పోయి సిలిండర్లను అరగదీస్తుంది. మీ మొదటి పని అదే కానివ్వండి. రెండోది స్పార్క్ ప్లగ్గులు. ఇంజిన్ చల్లారాకే విప్పండి. పెట్టేటప్పుడు పానా ముట్టకుండా వేళ్లతోనే మొదటి కొన్ని చుట్లు తిప్పండి. అడ్డంగా పడితే వేళ్లకు తెలుస్తుంది, పానాకు తెలియదు. అల్యూమినియం మర పోతే మళ్లీ రాదు. ఒకదాని తర్వాత ఒకటి మార్చండి, అప్పుడు వైర్లు తారుమారు కావు. బయటికి తీసిన ప్లగ్గు మొన నల్లగా మసి పట్టి ఉందా, లేత గోధుమ రంగులో ఉందా చూడండి. పెట్రోల్ ఎక్కువ కాలుతుంటే మసి కనిపిస్తుంది, థర్మోస్టాట్ మీద మన అనుమానానికి అదొక సాక్ష్యం. అలాగే ఇంజిన్ దగ్గర పెట్రోల్ రబ్బరు పైపుల్ని వంచి చూడండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది, 2002 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. పగుళ్లున్నా, వాసన వచ్చినా వెంటనే మార్చించండి.

సామాను కోసం పుత్లీబౌలి వెళ్లండి, పాతది చేతిలో పట్టుకునే వెళ్లండి. జిప్సీ 1985లో వచ్చింది, 1996లో కింగ్ అయింది, 2000లో ఎంపీఎఫ్‌ఐ అయింది. ‘జిప్సీది ఇవ్వండి’ అంటే ఏ కాలం నాటిదైనా చేతిలో పెడతారు. సైన్యం దగ్గర చాలా జిప్సీలు ఉండేవి కాబట్టి సామానుకు ఇప్పటికీ లోటు లేదు, నకిలీకీ లోటు లేదు. బేరింగులు, ఆయిల్ సీళ్లు, పనిముట్లకు రాణీగంజ్. మంచం కింది సెట్టు తీసి చూడండి. 10, 12, 14, 17 సైజుల్లో రింగు పానాలు, సాకెట్లు, వాటితో పాటు ఒక ప్లగ్గు పానా ఉంటే మొదటి ఏడాదికి దాదాపు చాలు. స్టాండ్లు మాత్రం ఈ వారమే కొనండి. ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టకుండా జాకీ ఎత్తొద్దు.

సెల్లార్ విషయంలో అసోసియేషన్‌తో పోట్లాడకండి. వాళ్ల భయం నూనె మరకలు, మంటలు, వారాల తరబడి విప్పి పడేసిన బండి. సెక్రటరీని కలిసి, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, బ్యాటరీ లాంటి ఒక గంట పనులే ఇక్కడ చేస్తానని, కింద అట్ట పరుస్తానని చెప్పి చూడండి. ఆయిల్, కూలెంట్ మార్చడం షెడ్డులోనే, మీ చేతులతో, మెకానిక్ చూస్తుండగా చేయండి. వాడేసిన ఆయిల్‌ను రీసైకిల్‌కు ఇచ్చే ఏర్పాటు ఉన్న షెడ్డు చూసుకోండి. దాన్ని నేలలో, నాలాలో పోయకూడదు.

వానాకాలంలో నీళ్లు నిండిన అండర్‌పాస్ దాటినా, అనంతగిరిలో వాగు దాటినా, తర్వాత రెండు యాక్సిళ్ల ఆయిల్ చూపించండి. పాల రంగులోకి మారితే నీళ్లు దూరాయి, వెంటనే మార్చాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌ను పొడి తారు రోడ్డు మీద వేయకండి. మలుపుల్లో ముందు, వెనక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు. మధ్యలో దాన్ని సర్దే డిఫరెన్షియల్ జిప్సీకి లేదు కాబట్టి ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది.

ఈ ఆదివారం పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూడు చూడండి: ఫ్యాన్ ఎలా తిరుగుతోంది, రేడియేటర్‌లో బుడగలు ఆగుతున్నాయా, ఆయిల్ మూత కింద ఏముంది. ముందు చక్రం పరీక్ష షెడ్డులో మీ చేత్తోనే చేయండి. నాలుగు జవాబులూ రాసి పంపండి. బుడగలు ఆగకపోతే మాత్రం బండిని మళ్లీ స్టార్ట్ చేయకుండా, టోయింగ్ వ్యాన్ మీదే షెడ్డుకు చేర్చండి. హెడ్ విప్పించే ముందు ఏమేం అడగాలో తర్వాతి సంచికలో రాస్తాను.